కాందిశీకులమై వచ్చి కాపురస్తులమయ్యాం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు నాతో, "డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు ఏడాది పొడుగునా ఉండేవే. మీరు బర్మా నుండి వచ్చినవారు గదా, ఈసారి ఆ సంగతులు చెప్పండి" అన్నారు. నేను పోస్టాఫీసులో ముప్ఫై మూడేళ్ళు పనిచేసినవాణ్ణి. ఉపన్యాసాలు అలవాటు లేదు. ఉన్నది ఉన్నట్లు చెబుతాను. కొంచెం ఓపిక పట్టి వినవలసిందిగా కోరుతున్నాను.

మమ్మల్ని ఈ ఊళ్ళో "బర్మా కాందిశీకులు" అనేవారు. ఆ మాట చిన్నప్పుడు నాకు తిట్టులాగా వినబడేది. తరువాత ఒక తెలుగు మాస్టారు దాని అర్థం చెప్పారు. అది సంస్కృతం నుండి వచ్చిన మాట. "కాం దిశం", అంటే "ఏ దిక్కుకు పోవాలి?" అని అడుగుతూ పరుగెత్తేవాడు కాందిశీకుడు. ఇంకొక మాట మనందరికీ తెలిసినదే, కాపురస్తుడు. దస్తావేజుల్లో "ఫలానా గ్రామ కాపురస్తుడు" అని వ్రాస్తారే, ఆ మాట. ఒక మనిషి కాందిశీకుడి నుండి కాపురస్తుడు కావడానికి ఏమి కావాలి? అన్నం కావాలి, గూడు కావాలి, పని కావాలి. ఇవన్నీ నిజమే. కాని వీటన్నిటికీ ముందు ఒక కాగితం కావాలి. ఆ కాగితం మీద ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీ గురించే ఈరోజు నేను చెప్పదలచుకున్నది.

రంగం ప్రయాణం

ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూన్‌ను "రంగం" అనేవారు. "మా తాత రంగం పోయాడు" అన్న మాట వినని ఇల్లు ఆ రోజుల్లో అరుదు. కాకినాడకు దక్షిణాన గోదావరి పాయ పక్కన కోరంగి అనే రేవు ఉండేది. 1839 నాటి తుఫానులో అది దెబ్బతిని మరి కోలుకోలేదు. కాని ఆ పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాలో తెలుగువాళ్ళను "కోరంగీలు" అని పిలిచేవారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుండి స్టీమర్లు పోయేవి. మేస్త్రీలు ఊళ్ళకు వచ్చి అడ్వాన్సు ఇచ్చి మనుషులను తీసుకుపోయేవారు. అక్కడ బియ్యం మిల్లుల్లో, రేవుల్లో, రైల్వేలో, మునిసిపాలిటీ పారిశుధ్యంలో మనవాళ్ళే. రిక్షా లాగేవారిలోనూ మనవాళ్ళు ఎక్కువ. అక్కడి నుండి వచ్చే మనియార్డర్లతో ఇక్కడ పెళ్ళిళ్ళు జరిగేవి, అప్పులు తీరేవి.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ నగర జనాభా సుమారు నాలుగు లక్షలైతే అందులో సగానికి పైగా భారతీయులే. తమ రాజధానిలో తామే తక్కువవాళ్ళమైపోయామని బర్మా ప్రజలకు బాధ ఉండడంలో ఆశ్చర్యం లేదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. వారి స్థానంలో యజమానులు బర్మావారిని పెట్టుకున్నారు. సమ్మె పరిష్కారమై మనవాళ్ళు తిరిగి పనిలోకి రాగానే ఆ బర్మా కూలీలను పొమ్మన్నారు. దానితో గొడవలు చెలరేగి, వందమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది మన తెలుగువాళ్ళు. పేదవాడికీ పేదవాడికీ మధ్య పెట్టిన తగాదా అది. 1937 ఏప్రిల్ 1 నుండి బర్మాను భారతదేశం నుండి విడదీశారు. అప్పటివరకు ఒకే ప్రభుత్వం క్రింద ఒక ఊరి నుండి మరో ఊరికి పోయినవాళ్ళు, ఆ ఒక్క తేదీతో పరదేశంలో ఉన్నవాళ్ళయిపోయారు.

కాగితం లేని నడక

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి మొదటి వారం దాటేసరికి రంగూన్ జపాన్ వశమైంది. ఓడ టిక్కెట్టు దొరికినవారు ఓడెక్కారు. మిగిలినవారు నడిచారు. కొందరు ఆరకాన్ కొండలు దాటి చిట్టగాంగుకు, కొందరు తమూ మీదుగా మణిపూర్‌కు, మరికొందరు ఇంకా ఉత్తరాన హుకాంగ్ లోయ గుండా అస్సాంకు. మొత్తం మీద నాలుగైదు లక్షలమంది బయలుదేరారని చరిత్రకారుల అంచనా. దారిలో కలరా, మలేరియా, ఆకలి. చనిపోయినవారు పదివేలని ఒకరు, యాభై వేలని ఒకరు, ఇంకా ఎక్కువని ఒకరు వ్రాస్తారు. లెక్కల్లో ఇంత తేడా ఎందుకు? ఎవరూ లెక్క పెట్టలేదు గనుక.

మా తాత, మా నాన్న ప్రోము పట్టణం నుండి టాంగప్ కనుమ దారిన నడిచారు. నాన్నకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. కనుమ దిగక ముందే తాతకు విరేచనాలు పట్టుకుని ఒక రాత్రిలో పోయాడు. కర్రలు ఏరి దహనం చేసే వ్యవధి కూడా లేదు. నాన్న ఆయన కండువా ఒకటి తీసుకుని మిగతావాళ్ళతో నడిచాడు. ఇంటికి చేరేసరికి ఇక్కడ విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి. అది 1942 ఏప్రిల్ 6. ఊళ్ళు ఖాళీ చేసి జనం పల్లెలకు పోతున్నారు. ఎక్కడి నుండి పారిపోయి వచ్చారో అదే భయం ఇక్కడ ఎదురైంది.

తాత చనిపోయిన ఊరు తెలియదు, తేదీ తెలియదు. ఏ ఆఫీసులోనూ ఆయన పేరు వ్రాసి లేదు. తిథి తెలియదు గనుక మా నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ మహాలయ అమావాస్య నాడే ఆయనకు తద్దినం పెట్టించింది. 1942లో నడిచి వచ్చినవాళ్ళకు క్యాంపుల్లో గంజి పోసినవారున్నారు, రైలెక్కించినవారున్నారు. కాని వాళ్ళు పోగొట్టుకున్నదానికి, వాళ్ళ నడకకు సాక్ష్యంగా చేతిలో ఏ కాగితమూ లేదు. ఊళ్ళో సెంటు భూమి లేదు. అందువల్ల యుద్ధం ముగిశాక 1946లో నాన్న, వెనుక చిన్నాన్న, మళ్ళీ రంగమే పోయారు. ఇంత కష్టపడి వచ్చి మళ్ళీ ఎందుకు వెళ్ళారని నేను అడిగితే నాన్న ఒకటే మాట అనేవాడు: "అక్కడ పని ఉందిరా. ఇక్కడ జాలి ఉంది."

చూడని ఊరికి తిరుగు ప్రయాణం

మా అమ్మ రంగూన్‌లోనే పుట్టింది. 1951లో నేనూ అక్కడే పుట్టాను. నాన్న ఒక గుజరాతీ సేటు బట్టల దుకాణంలో గుమాస్తా. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమయ్యాక, అక్కడి పౌరసత్వానికి అర్జీ పెట్టుకోవచ్చని చట్టం వచ్చింది. చాలామంది పెట్టుకోలేదు. అర్జీలు వ్రాయించే చదువు లేక కొందరు, "నాలుగు డబ్బులు చేతిలో పడితే దేశం పోతాం గదా" అని మరికొందరు. అలాంటివాళ్ళు ఏటేటా రుసుము కట్టి విదేశీయుల సర్టిఫికెట్టు తీసుకుని బ్రతికారు. నాన్న ఆ రెండో రకం.

1962 మార్చి 2న జనరల్ నెవిన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1963 ఫిబ్రవరిలో బ్యాంకులను జాతీయం చేశారు. 1964 మార్చి 19న రంగూన్‌లో దుకాణాలను జాతీయం చేశారు. ఆ రోజు సేటు దుకాణం ముందు సిపాయిలు నిలబడి ఉంటే, నాన్న తన గొడుగు లోపలే ఉండిపోయిందని చెప్పి కూడా తెచ్చుకోలేకపోయాడు. మే 17న యాభై, నూరు క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. కూడబెట్టినది పెద్ద నోట్లలో దాచుకున్నవాళ్ళు ఒక్క రాత్రిలో బికారులయ్యారు. ఆ రెండు మూడేళ్ళలో సుమారు మూడు లక్షలమంది భారతీయులు బర్మా వదిలిపెట్టారు. రాయబార కార్యాలయం ముందు తెల్లవారుజాము నుండి బారులు. భారత ప్రభుత్వం ఓడలు ఏర్పాటు చేసింది. వెంట తెచ్చుకునే డబ్బుకూ బంగారానికీ కఠినమైన పరిమితి. అక్క తన చెవికమ్మలు పక్కింటి బర్మా ఆవిడ చేతిలో పెట్టి వచ్చేసింది. ఆవిడ ఏడ్చింది. ఆ సంగతి కూడా చెప్పాలి. మమ్మల్ని పంపించింది ఒక ప్రభుత్వం. మా వీధి జనం కాదు.

సర్కారు కాగితాల్లో మాకు పెట్టిన పేరు "రిపేట్రియట్లు", అంటే స్వదేశానికి తిరిగి వచ్చినవారు. నాన్న తిరిగి వచ్చాడు, సరే. అమ్మ, అక్క, నేను ఈ నేలను అంతకు ముందు చూడనైనా లేదు. చూడని చోటికి తిరిగి రావడమేమిటో అమ్మకు ఎంత చెప్పినా అర్థమయ్యేది కాదు. అయినా ఆ పేరు వల్లనే మేలు జరిగింది. విదేశీయులమై వచ్చి ఉంటే మా గతి వేరుగా ఉండేది. స్వదేశీయులమని వ్రాసుకున్నారు గనుక పునరావాసం వచ్చింది.

బర్మావాళ్ళ పిల్లలు

నాలుగైదు రోజులు సముద్రం మీద ప్రయాణించి విశాఖపట్నం రేవులో దిగాము. కంచరపాలెంలో ఉన్న బర్మా క్యాంపు అనే పేరు మీరందరూ విన్నదే. అలాంటి పాకల వరుసలోనే మా బాల్యం గడిచింది. కుటుంబానికి ఒక కార్డు. దాని మీద నాన్న పేరు, మా అందరి పేర్లు, వయస్సులు, ఓడ దిగిన తేదీ. ఆ కార్డును అమ్మ గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టేది.

నాకు పదమూడేళ్ళు. రంగూన్‌లో బర్మా భాషలో ఆరో తరగతి చదివాను. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళమే గాని వ్రాయడం రాదు. ఇక్కడ నన్ను నాలుగో తరగతిలో వేశారు. పదమూడేళ్ళవాడు తొమ్మిదేళ్ళ పిల్లల మధ్య ఎలా కూర్చుంటాడో ఊహించండి. వెనుక గోడకు ఆనుకుని కూర్చునేవాణ్ణి. బర్మా లిపి, తెలుగు లిపి రెండూ గుండ్రంగానే ఉంటాయి. రెండూ ఒకే బ్రాహ్మీ మూలం నుండి వచ్చినవే. అదే నాకు చిక్కు తెచ్చింది. బర్మా లిపిలో సున్న చుడితే అది "వ" అనే అక్షరం. తెలుగులో సున్న కనిపించిన చోటల్లా నేను "వ" అని చదివితే తరగతంతా నవ్వేది. "గ" ఒక్కటే నన్ను కాపాడింది. తలకట్టు తీసేస్తే రెండు భాషల్లోనూ అది దాదాపు ఒకే రూపం. మా మాస్టారు ఆ సంగతి కనిపెట్టి, "అయితే వీడికి ఒక అక్షరం వచ్చేసిందిరా, ఇక యాభై అయిదే మిగిలాయి" అన్నారు. ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది.

అక్కడ మమ్మల్ని "కలా" అనేవారు, అంటే ఇండియావాడు అని కొంచెం చులకనగా. ఇక్కడ "బర్మావాళ్ళు" అనేవారు. అమ్మ సాయంత్రం పూట కొబ్బరిపాలతో ఖౌసే వండి క్యాంపు మొదట్లో అమ్మేది. మొదట్లో చుట్టుపక్కలవాళ్ళు ఆ నూడుల్స్ చూసి మొహం చిట్లించారు. ఆ తరువాత వాళ్ళే గిన్నెలు పంపించి తెప్పించుకున్నారు. ఙపి అనే చేపల ముద్ద వాసన మాత్రం ఎవరూ క్షమించలేదు. అమ్మ అది మానేసింది. అక్క చుట్టలు చుట్టేది. నాన్న బట్టల మూట భుజాన వేసుకుని వారం వారం సంతలకు తిరిగేవాడు. ఆయనకు కొద్దిగా అప్పు దొరికింది, ఆ కార్డు చూపిస్తేనే.

మద్రాసులో దిగినవాళ్ళు బీచ్ స్టేషన్ దగ్గర దుకాణాలు పెట్టుకుంటే అదే బర్మా బజారయింది. కాందిశీకుల అప్పుల కోసం 1969లో కేంద్ర ప్రభుత్వం మద్రాసులో రెప్కో బ్యాంకును స్థాపించింది. మరికొందరు తమిళులు ఇక్కడ ఇమడలేక, కాలినడకన మళ్ళీ బర్మాకు పోదామని మణిపూర్ దాకా వెళ్ళారు. సరిహద్దు దాటనివ్వకపోతే మోరే అనే ఊళ్ళోనే ఆగిపోయి, అక్కడే గుడి కట్టుకుని స్థిరపడ్డారు. ఒకే నగరం నుండి వచ్చిన జనం ఎక్కడ దిగారో, ఏ కాగితంతో దిగారో, దాన్నిబట్టి వాళ్ళ బ్రతుకులు మారాయి.

1963 జూన్ 1

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. నేను ఎస్.ఎస్.సి. పాసయ్యేసరికి 1971. అప్పటికే ఇరవై ఏళ్ళు. నాలుగేళ్ళు సున్నలు దిద్దడంలోనే పోయాయి గదా. తరువాత పగలు ఒక దుకాణంలో లెక్కలు వ్రాస్తూ, రాత్రి చదువుకుంటూ ఉద్యోగాల కోసం తిరిగాను. తీరా పోస్టాఫీసులో ఖాళీలు పడేసరికి మామూలు వయోపరిమితి దాటిపోయాను. అక్కడ నన్ను ఒక వాక్యం ఆదుకుంది. మీలో పరిపాలన విభాగాల్లో పనిచేసినవారికి అది కంఠస్థమే. కేంద్ర ప్రభుత్వ నియామక ప్రకటనల్లో వయస్సు సడలింపుల క్రింద ఉండేది: 1963 జూన్ 1న గాని ఆ తరువాత గాని బర్మా నుండి వలస వచ్చిన భారత సంతతి వారికి మూడు సంవత్సరాలు. ఆ మూడేళ్ళ పుణ్యాన 1978లో ఇరవై ఏడేళ్ళ వయస్సులో ఉద్యోగంలో చేరాను. 2011లో రిటైరయ్యాను. సరిగ్గా ముప్ఫై మూడేళ్ళు.

మా చిన్నాన్న మాకంటే ముందే వచ్చాడు. ఆయన ఒక బ్యాంకులో బంట్రోతు. బ్యాంకులు జాతీయమవగానే రాబోయేది పసిగట్టి, ఉన్నది అమ్ముకుని, సొంత డబ్బుతో టిక్కెట్టు కొనుక్కుని 1963 ఏప్రిల్‌లో కుటుంబంతో వచ్చేశాడు. ప్రభుత్వానికి భారం కాకుండా వచ్చినవాడు. ఆయన కొడుకు నాకంటే ఏడాది చిన్న. రంగూన్‌లో ఇద్దరం ఒకే బడికి పోయాం, ఒకే పళ్ళెంలో తిన్నాం. ఇక్కడికొచ్చాక వాణ్ణి కూడా చిన్న తరగతిలోనే వేశారు. వాడు కూడా ఆలస్యంగానే పాసయ్యాడు. ఇద్దరం కలిసే అర్జీలు పెట్టాం. నాకు పరీక్షకు పిలుపు వచ్చింది. వాడికి వయస్సు మించిందని జవాబు వచ్చింది. ఏప్రిల్‌కూ జూన్‌కూ మధ్య ఉన్న వారాలే తేడా.

వాడు ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చి, "అన్నయ్యా, మా ఓడ కూడా అదే రేవులోంచి బయలుదేరింది గదా?" అని అడిగాడు. నేనేమీ చెప్పలేకపోయాను. నాన్న మాత్రం, "ముందుగా జాగ్రత్తపడిన వాడికి శిక్షరా ఇది" అన్నాడు.

వాడు హార్బరులో కొన్నాళ్ళు కూలికి పోయాడు. తరువాత కుట్టుమిషను పెట్టుకున్నాడు. నిజాయితీగా బ్రతికాడు, ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేశాడు. 2016లో పోయాడు. మా మరదలు ఇప్పుడు వృద్ధాప్య పింఛనుతో ఉంటోంది. వాళ్ళింట్లోనూ పింఛనే, మా ఇంట్లోనూ పింఛనే. కాని వాళ్ళది ప్రభుత్వం దయ తలచి ఇస్తున్నదని అందరూ అంటారు. మాది సర్వీసుకు వచ్చిన హక్కు అంటారు. ఒకే తాత మనుమలం. నాకూ వాడికీ మధ్య ఉన్నది తెలివి కాదు, కష్టం కాదు. ఒక తేదీ.

ప్రభుత్వాన్ని నిందించడానికి ఇది చెప్పడం లేదు. ఏ సహాయానికైనా ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. తూర్పు పాకిస్తాన్ నుండి వచ్చినవారికీ, శ్రీలంక నుండి వచ్చినవారికీ కూడా ఆ ప్రకటనల్లోనే వేర్వేరు తేదీలుండేవి. గీత గీసేవారికి అది కాగితం మీద అంకె. గీతకు అవతల పడ్డవారికి అది జీవితం.

1982: రెండు రాజధానులు, రెండు తేదీలు

తేదీల సంగతి మన పెన్షనర్లకు ఒకరు చెప్పనక్కరలేదు. ఈ డిసెంబరు 17ను మనం పండుగగా ఎందుకు చేసుకుంటున్నాం? 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి ఒక లెక్క, ఆ తరువాతివారికి మెరుగైన లెక్క అని ప్రభుత్వం గీత గీసింది. డి.ఎస్. నకారాగారు, హెచ్.డి. శౌరీగారు స్థాపించిన కామన్ కాజ్ సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1982 డిసెంబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. పెన్షన్ భిక్ష కాదని, ఒకే వర్గానికి చెందినవారిని కారణం లేని ఒక తేదీతో రెండుగా చీల్చడం సమానత్వానికి విరుద్ధమని సారాంశం. ఆ తీర్పు గురించి మొదటిసారి ఒక యూనియన్ మీటింగులో విన్నప్పుడు నాకు మా తమ్ముడు గుర్తుకు వచ్చాడు. మనకు సంఘం ఉంది, కోర్టు దాకా పోయే పెద్దలున్నారు. ఏప్రిల్‌లో ఓడ దిగినవాళ్ళకు సంఘం లేదు.

అదే 1982లో, రెండు నెలల ముందు, అక్టోబరులో, రంగూన్‌లో నెవిన్ ప్రభుత్వం కొత్త పౌరసత్వ చట్టం తెచ్చింది. 1823కు ముందు నుండి స్థిరపడిన జాతులవారే ఆ దేశానికి సహజ పౌరులన్నారు. 1824లో ఆంగ్లేయుల మొదటి యుద్ధం మొదలైంది గనుక, ఆ తరువాత వచ్చినవారి సంతతి వేరే తరగతుల్లో పడింది. మోల్మేన్ పరిసరాల్లో, రంగూన్‌లో ఇప్పటికీ తెలుగువాళ్ళున్నారు. ఉగాది చేసుకుంటారు, పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుకుంటున్నారు. నాలుగు తరాలుగా ఆ మట్టిలో పనిచేసినవాళ్ళు, తాము పుట్టక ముందు నూరేళ్ళ నాటి తేదీకి జవాబు చెప్పుకోవలసి వచ్చింది. మేము వచ్చేశాం గనుక కాపురస్తులమయ్యాం. ఉండిపోయినవాళ్ళలో కొందరు తమ సొంత ఊళ్ళోనే కాందిశీకులయ్యారు.

కొత్త తరానికి ఇవన్నీ పాత కథలనిపించవచ్చు. అయితే మన పిల్లలు కొందరు అమెరికాలో ఉంటూ గ్రీన్‌కార్డు కోసం తమ "ప్రయారిటీ డేటు" ఎప్పుడు వస్తుందా అని నెలనెలా చూసుకుంటున్నారు. వాళ్ళు ప్రాణభయంతో పోలేదు, చదువుకుని విమానంలో పోయారు. రెండింటినీ ఒకటి చేయకూడదు. కాని ఒక తేదీకి ఇవతల నిలబడి ఎదురుచూడడం ఎలా ఉంటుందో వాళ్ళకిప్పుడు తెలుసు. తాతగారి కథ చెప్పడానికి ఇది మంచి సమయం.

మనం చేయగల పని

మన సంఘంలో ఒక సభ్యుని భార్య, రంగూన్‌లో పుట్టినావిడ, భర్త పోయాక ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటున్నారు. ఎనభై ఏళ్ళు నిండితే ఇరవై శాతం అదనంగా వస్తుందని మీకు తెలుసు. ఆవిడకు ఎనభై నిండాయని ఋజువు కావాలన్నారు. రంగూన్‌లో పుట్టినావిడకు జనన ధ్రువపత్రం ఎక్కడి నుండి వస్తుంది? సర్వీసు పుస్తకంలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, పుట్టిన సంవత్సరాలు రెండు రకాలు. ఎనిమిది నెలలు తిరిగారు. చివరికి వాళ్ళబ్బాయి అటక మీది ట్రంకు పెట్టెలో 1964 నాటి క్యాంపు కార్డు దొరికింది. అందులో పేరు, వయస్సు సరిగ్గా ఉన్నాయి. దాన్ని ఆధారం చేసుకుని మిగతా రికార్డులు సరిచేయించి, మన సంఘం తరఫున దరఖాస్తు వ్రాసిపెట్టాం. మంజూరైంది. ఆ పాత కార్డును చెత్తలో వేయకుండా దాచిన ఆవిడ అత్తగారికి మనం మ్రొక్కాలి.

కనుక నా మనవి ఏమంటే, ఇళ్ళలో ఉన్న పాత కాగితాలు పారవేయకండి. ఓడ టిక్కెట్టు, పాస్‌పోర్టు, రేషను కార్డు, బడి సర్టిఫికెట్టు, ఏదైనా సరే. వాటి నకళ్ళు తీయించి పిల్లల దగ్గర కూడా ఉంచండి. భార్య పేరు, పుట్టిన తేదీ పెన్షన్ ఆర్డరులో, బ్యాంకులో, ఆధార్‌లో ఒకే రకంగా ఉన్నాయో లేదో మీరు ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసుకోండి. ఆ పని ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడు చేయడం చాలా కష్టం. ఇది బర్మావాళ్ళకే కాదు, అందరికీ వర్తిస్తుంది.

రెండో మనవి. 1942లో నడిచివచ్చినవారు ఇప్పుడు దాదాపుగా లేరు. 1964లో ఓడ దిగినవారిలో అప్పటి చంటిపిల్లలకే అరవై దాటాయి. ఎవరి ఇంట్లో ఎవరున్నా, వాళ్ళు చెప్పినది ఒక నోటు పుస్తకంలో వ్రాయించండి. భాష బాగుండనక్కరలేదు. ఊరి పేరు, తేదీ, ఓడ, దారి, ఎవరు తోడుగా వచ్చారు, ఎవరు రాలేకపోయారు, ఇవి చాలు. మన పత్రికలో వేయడానికి సంపాదకవర్గం అంగీకరించారు. మా తాత పేరు ఏ ఆఫీసు రికార్డులోనూ లేదని చెప్పాను. మన పత్రికలోనైనా అలాంటి పేర్లు నమోదు కావాలి.

మూడోది మనవి అనడం కంటే కోరిక అనాలి. 2021 ఫిబ్రవరిలో ఆ దేశంలో మళ్ళీ సైనిక ప్రభుత్వం వచ్చింది. వేలాదిమంది కొండలు దాటి మిజోరాం చేరారు. మా నాన్న నడిచినట్లే నడిచారు. మిజోరాం దూరమనుకోవచ్చు. మన వీధి చివరే ఇల్లు కట్టే చోట రేకుల షెడ్డులో ఉంటున్న ఒడిశా, బీహారు కుటుంబాల పిల్లలున్నారు. పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకూ, పారిపోయి వచ్చినవాళ్ళకూ తేడా ఉన్నా, బడిలో వెనుక గోడకు ఆనుకుని కూర్చునే పిల్లవాడి పరిస్థితి ఒకటే. మనకు తీరిక ఉంది, ఫారాలు నింపడం వచ్చు, ఏ ఆఫీసులో ఏ కౌంటరు దగ్గరికి పోవాలో తెలుసు. ముప్ఫై మూడేళ్ళు అదే పని చేశాం. వాళ్ళకు ఒక దరఖాస్తు నింపిపెడితే, ఆ పిల్లవాణ్ణి బడిలో చేర్చడానికి తోడు వెళితే, మన పెన్షన్‌లో ఒక రూపాయి తగ్గదు.

కాందిశీకుడు అడిగేది ఒకటే ప్రశ్న, ఏ దిక్కుకు పోవాలని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడే కాపురస్తుడని నా అభిప్రాయం. ఈ ఊరు మాకు అన్నం పెట్టింది, చదువు చెప్పింది, నా చేత ముప్ఫై మూడేళ్ళు ఉత్తరాలు పంచించింది. ఇక్కడ ఉన్న ప్రతి కుటుంబానికీ నా కృతజ్ఞతలు.